చెరిసగం రాసిన చట్టం

ఆమెకు చాలా ఏళ్లుగా ఒక సందేహం ఉంది. దేవుడికి వేయి పేర్లున్నాయంటారు. ఏ పేరుతో పిలిచినా పలుకుతాడంటారు. అంత పెద్ద దేవుడే ఏ పేరుకైనా పలుకుతుంటే, మనిషి రాసుకున్న చట్టం మాత్రం పేరు కాస్త మారితే చాలు, ఎవరో తెలియనట్టు మొహం తిప్పుకుంటుందెందుకు? పొద్దున్నే దణ్ణం పెట్టుకునేటప్పుడు ఈ సందేహం అప్పుడప్పుడు తొంగిచూసేది. ఆఫీసుకు ఆలస్యమవుతుందని దాన్ని దేవుడి దగ్గరే వదిలేసి బయల్దేరేది. కార్మిక వివాదాల విచారణాధికారిగా చేరినప్పటి నుంచీ ఇదే వరస.

ఆ సోమవారం ఆ సందేహం కుడిచేతికి కట్టు కట్టుకుని వచ్చి ఆమె ఎదుట కూర్చుంది.

వచ్చినావిడ లాండ్రీలో ఇస్త్రీ చేస్తుంది. ఇస్త్రీపెట్టెతో కాదు, ఆవిరి మిషను మీద. హోటళ్ల దుప్పట్లు, ఆసుపత్రి దుప్పట్లు. దుప్పటికి ఇంతని కూలి. నెల దాటింది, మిషను పైపలక జారి ఆవిడ వేళ్లు కాలాయి. యజమాని ఆసుపత్రికి పంపాడు, మందులు కొన్నాడు. కట్టు విప్పకముందే పనిలోంచి తీసేశాడు. ఆవిడ అడుగుతున్నది ఒక్కటే. చెయ్యి బాగయ్యాక ఆ మిషను దగ్గర తన చోటు తనకు కావాలి.

కట్టుకట్టిన చేతిని, ఎవరో చూస్తుండమని ఇచ్చి వెళ్లిన మూటలా, బల్లమీద కాస్త దూరంగా పెట్టుకుని కూర్చుంది.

"నువ్వు చెప్పుకునేది ఏమైనా ఉంటే చెప్పమ్మా."

"నేనేం చెప్పను మేడంగారూ? వకీలుగారే చెబుతున్నారుగా. నేనెవరో నాకంటే ఆయనకే బాగా తెలిసినట్టుంది."

గుమాస్తా నవ్వును దగ్గుగా మార్చుకున్నాడు. యజమాని వకీలు నొచ్చుకోలేదు. చట్టం పుస్తకంలో రెండుచోట్ల వేళ్లు పెట్టుకుని లేచాడు.

"మేడం, ఇరవయ్యో సెక్షను చూడండి. 'పనిలో గాయపడిన పనివారికి యజమాని వైద్యము చేయించవలెను.' చేయించారు. ఆవిడా కాదనడం లేదు. ఇప్పుడడిగేది తొమ్మిదో సెక్షను కింద. అక్కడేమంది? 'గాయపడిన కార్మికుని స్థానమును గాయము మానువరకు అట్లే ఉంచవలెను.' కార్మికుని స్థానం! పనివారి ఊసే లేదు. ఒక్కరి గురించే చెప్పదలుచుకుంటే చట్టం ఒక్క మాటే వాడేది. రెండు మాటలు వాడిందంటే మనుషులు ఇద్దరు. నెలజీతం మీద చేసేవాళ్లు కార్మికులు. దుప్పటికింతని చేసేవాళ్లు పనివారు."

"అలాగని చట్టంలో ఎక్కడైనా ఉందా?"

"లేదండి. కాదనీ లేదు."

అది నిజమే. ఆ చట్టంలో కార్మికుడంటే ఎవరో, పనివారంటే ఎవరో ఎక్కడా చెప్పలేదు. పైగా నిరుడు ఇలాంటి తగాదాల్లోనే ఆమె పై అధికారి ఈ రెండు మాటలూ వేరని తేల్చేశారు. ఆ తీర్పుల నకళ్లు వకీలు ముందే బల్లమీద పెట్టాడు.

ఇస్త్రీ ఆవిడ వకీలు వైపు తిరిగింది. "తెలియక అడుగుతున్నాను బాబూ. పనిచేసేవాళ్లం మేమైతే, కార్మికుడనేవాడు ఏం చేస్తాడు?"

ఈసారి గుమాస్తా దగ్గు ఆగలేదు. తీర్పు శుక్రవారమని చెప్పి ఆమె పుస్తకం మూసింది.

నడవాలో ఆవిడ వెనకే వచ్చింది. విచారణ గదిలో ఉన్న వెటకారం ఇప్పుడు గొంతులో లేదు.

"మేడంగారూ, నా మిషను దగ్గర కొత్తమ్మాయిని పెట్టారు. శుక్రవారం అయ్యాక ఖాయం చేస్తారట. ఈ చేత్తో నేను వేరేచోటికి పోతే ముందు చెయ్యి చూస్తారు, ఆనక మొహం చూస్తారు. అక్కడైతే నా పని తెలుసు. కాస్త నిదానమైనా ఓర్చుకుంటారు. ఇంకెక్కడా నాకు పని దొరకదమ్మా."

విచారణలో ఉన్న మనిషితో బయట మాట్లాడకూడదు. "శుక్రవారం రా," అని మాత్రం అని ఆమె గదిలోకి వెళ్లిపోయింది. మధ్యాహ్నం పై అధికారి ఫోను చేశారు.

"దయ వేరు, చట్టం వేరు. ఆ రెండు మాటలూ ఒకటేనని మీరు రాశారనుకోండి, యజమాని నా దగ్గరికి అప్పీలుకొస్తాడు. నేను కొట్టెయ్యక తప్పదు. ఆవిడ రెండుసార్లు ఓడినట్టవుతుంది. ఆలోచించుకోండి."

బెదిరింపేమీ లేదు ఆ గొంతులో. ఉన్నమాట చెప్పారు. అందుకే ఆమెకు పాలుపోలేదు.

*

మంగళవారం మిషను చూడ్డానికి లాండ్రీకి వెళ్లింది. లోపల అడుగుపెట్టగానే వేడి మొహానికి తడిగుడ్డలా అంటుకుంది. ఒకవైపు ఉతికిన దుప్పట్ల గుట్ట, ఒకవైపు మడతలు. మధ్యలో రెండు మిషన్లు. ఒకటి నడుస్తోంది, రెండోదాని మీద గోతం కప్పి ఉంది.

కొత్తమ్మాయి దుప్పటి పరిచి, నాలుగు మూలలూ లాగి సర్ది, రెండు చేతులూ బాగా వెనక్కి తీసుకుని, అప్పుడు పిడి దించుతోంది. ఆవిరి బుస్సుమంటుంది. పిడి ఎత్తి, దుప్పటి తిప్పి, మళ్లీ మొదలు.

"జాగ్రత్తగా చేస్తుందండీ," అన్నాడు యజమాని. "కానీ సగం పనే అవుతుంది. ఆవిడ అలాక్కాదు. ఎడంచేత్తో పిడి దించుతూనే కుడిచేత్తో చివరి ముడత లాగేసేది. చూస్తుంటే ముచ్చటేసేది."

"అలా లాగుతున్నప్పుడేగా కాలింది?"

పైపలకను పట్టి ఉంచే కొక్కేనికి కొత్త మరమేకు మెరుస్తోంది.

"ఇది ఎప్పుడు మార్చారు?"

"ఆ తర్వాతే." చొక్కాతో మెడ తుడుచుకున్నాడు. "నాకు ఆవిడ మీద కోపమేమీ లేదమ్మా. ఆసుపత్రి దుప్పట్లు ఆగవు. ఇరవై రోజులు ఎదురు చూశాను. వకీలుగారు చట్టం మనవైపే ఉందన్నారు. చట్టమే అక్కర్లేదన్నప్పుడు నేను మాత్రం ఎందుకు ఎత్తుకోవాలి నెత్తిన?"

"ఆ రెండో మిషను?"

"మనిషి దొరక్క ఆపాను."

ఎద్దు పుండు కాకికి ముద్దా అనుకుంది కానీ, పైకి ఏమీ అనలేదు. ఆయన్ని తప్పుపట్టి లాభమేముంది? పుండు మీద వాలడానికి కొమ్మ వేసిచ్చింది చట్టం. ఆ చట్టం రాసింది ఆమె నాన్నే. అంటే సగం. మిగతా సగం చిన్నాన్న.

*

సర్కారు చట్టాలు రాసే ఉద్యోగం నుంచి విరమించి చాలాకాలమైనా నాన్న చేతిలో పెన్సిలు పోలేదు. పేపరు చదువుతూ వదులుగా ఉన్న మాటలకింద గీతలు గీస్తుంటాడు. సాయంత్రం ఆమె వెళ్లి పక్కన కూర్చుంది. భర్త ఎదురుగా కూర్చుని కూరగాయలు తరుగుతున్నాడు.

"నాన్నా, తొమ్మిదో సెక్షనులో కార్మికుడంటే ఎవరు?"

"పనిచేసేవాడు."

"ముక్కకింతని చేసేవాళ్లో?"

"వాళ్లు చేసేది పని కాదా?"

"మరి ఇరవయ్యో సెక్షనులో పనివారంటే?"

పెన్సిలు ఆగింది. "అది నా సగం కాదు."

ఆమె వరసగా అంతా చెప్పింది. కాలిన చెయ్యి, వకీలు వాదన, నిరుటి తీర్పులు. నాన్న చివరిదాకా విని కళ్లద్దాలు తీసి తుడవడం మొదలుపెట్టాడు. తుడిచినచోటే తుడుస్తున్నాడు.

"నా సగంలో మొదటినుంచి చివరిదాకా ఒక్కటే మాట. ఎక్కడైనా రెండో మాట ఉంటే చూపించు."

"లేదు నాన్నా."

"మరి నన్నెందుకు అడుగుతావు?"

"కుట్టింది ఒకే పుస్తకంగా కదా."

"ఆ మాట వాణ్ణి అడుగు."

భర్త ఉండబట్టలేక, "పొలాలు పంచుకున్నవాళ్లని చూశాం, ఇళ్లు పంచుకున్నవాళ్లని చూశాం. చట్టాన్ని పంచుకున్నవాళ్లు మాత్రం మీ అన్నదమ్ములే మామగారూ," అన్నాడు.

"నీకు నవ్వులాటగా ఉందా అల్లుడూ?" నాన్న పేపరు మడిచి లేచాడు. "ఇద్దరికీ చెరిసగం ఇచ్చింది మా ఆఫీసులో పైవాడు. నేనడిగానా?"

లోపలికి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకున్నాడు. పేపరు అక్కడే వదిలేశాడు. అలా వదిలెయ్యడం ఆమె ఎప్పుడూ చూడలేదు.

"ఆఫీసులో కిటికీ పక్క బల్ల ఎవరిదన్న దగ్గరేగా మొదలైంది ఈ గొడవ?" భర్త గొంతు తగ్గించాడు.

"ఆ గదికి రెండు కిటికీలున్నాయి," అంది ఆమె.

*

బుధవారం చిన్నాన్న ఇంటికి వెళ్లింది. రెండు వీధుల అవతలే. ఆయన అరుగుమీద కూర్చుని పాత కుర్చీకి పేము అల్లుతున్నాడు. నానబెట్టిన పేముబద్దను గట్టిగా లాగి కన్నంలో దూర్చి, బొటనవేలితో అదిమి పట్టుకుంటున్నాడు.

"రావే అమ్మడూ," అంది పిన్ని. "మీ నాన్న పంపాడా?"

"లేదు పిన్నీ."

"పంపడులే. సూర్యుడు పడమట పొడిస్తే అప్పుడు చూద్దాం."

చట్టం పుస్తకం చూడగానే చిన్నాన్న చెయ్యి తుడుచుకుని అందుకున్నాడు. సంగతి విన్నాడు. కాలిన వేళ్ల దగ్గర ఆపి, "ఏ చెయ్యి?" అని అడిగాడు. కుడిచెయ్యి అంటే తల పంకించాడు.

"పనివారు అని ఎందుకు రాశావు చిన్నాన్నా?"

"మాట బాగుంది. ఆడా మగా అందరూ అందులో వస్తారు. మీ నాన్న చూడు, కార్మికుడట! ఆడవాళ్లంతా తిని కూర్చుంటున్నట్టు."

"అంతేనా?"

"అంతే."

"అన్నగారు ఆ మాట రాశారు కనక ఈయన ఈ మాట రాశారు," అంది పిన్ని గుమ్మంలోంచి. "దీనికింత వ్యాఖ్యానమెందుకు?"

చిన్నాన్న పేముబద్ద మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు. కానీ అల్లలేదు.

"అచ్చుకు పంపేముందు రెండు సగాలూ కలిపి కుట్టారు. అప్పుడు చూశాను. మీ నాన్న బల్ల దగ్గరికి వెళ్లాను. 'అన్నయ్యా, ఏదో ఒక్క మాట చేద్దామా? నీదే ఉంచుదాం' అన్నాను. మీ నాన్న తలెత్తలేదు. కలంలో సిరా పోసుకుంటూ కూర్చున్నాడు. సీసా నిండా ఉంది, కలం నిండా ఉంది, ఇంకా పోస్తూనే ఉన్నాడు. కాసేపు నిలబడి వచ్చేశాను. ఆ జవాబు ఇంకా నాకు బాకీయే."

"రెండోసారి అడిగితే నోటి ముత్యాలు రాలిపోయేవా?" అంది పిన్ని.

"ఒకసారి అడిగింది నేను. రెండోసారి వంతు అన్నయ్యది."

ఆమెకు ఆ ఇద్దరి మీదా ఒక్కసారిగా కోపం వచ్చింది. సిరా పోసుకునే ఆ కాసేపట్లో మిషను పలక ఎన్ని చేతుల మీద జారిందో! కానీ వాళ్లకి చేతులు కనపడలేదు. ఒకరికొకరే కనపడ్డారు.

ఆ కోపం చిన్నాన్నకు తగిలినట్టుంది. పుస్తకం తెరిచి చూపించాడు. "ఒకటి మాత్రం చూడు. నా సగంలో ఎవర్నీ ఊరికే బయటికి గెంటడానికి వీల్లేదు. ఇరవయ్యొకటి. 'ఈ చట్టమున చెప్పిన కారణము లేక ఏ పనివారిని తొలగించరాదు.' తాళం వేసినట్టు వేశాను."

ఆమె ఆ వాక్యం చదివింది. మళ్లీ చదివింది.

"ఆ కారణాలు ఎక్కడున్నాయి చిన్నాన్నా?"

"మీ నాన్న సగంలో. పన్నెండో సెక్షను. ఉన్న కారణం ఆ ఒక్కటే."

పేజీలు వెనక్కి తిప్పింది. పన్నెండో సెక్షను మీద వేలు పెట్టి అలాగే ఉండిపోయింది. పిన్ని మంచినీళ్లు తెచ్చి పక్కన పెట్టింది. ఆమె చూడలేదు.

*

శుక్రవారం పొద్దున దేవుడికి దణ్ణం పెట్టుకుంటున్నప్పుడు కూడా ఆమెకు నమ్మకం కుదరలేదు. ఎక్కడైనా ఒక పేజీ చూడకుండా వదిలేశానా అని, ఆఫీసుకెళ్లాక చట్టమంతా మళ్లీ మొదటినుంచి చదివింది. గుమాస్తా పిలిచేసరికి చివరి పేజీలో ఉంది.

యజమాని, వకీలు ఒకవైపు. ఇస్త్రీ ఆవిడ ఇంకోవైపు. కట్టు కొత్తది వేశారు.

"వకీలుగారూ, ఈవిడ కార్మికురాలు కాదన్న మాట మీద ఉన్నారా?"

"ఉన్నాం మేడం. పై అధికారిగారి తీర్పులు కూడా..."

"చూశాను. వాటికి నేను కట్టుబడాలి. ఆ రెండు మాటలూ వేరు. ఈవిడ పనివారు." గుమాస్తా రాసుకుంటున్నాడు. "రాశారా?"

"రాశానండి."

ఇస్త్రీ ఆవిడ మొహం వాడిపోయింది. బల్లమీది చేతిని మెల్లగా ఒళ్లోకి తీసుకుంది. అది చూసి కూడా చూడనట్టుండడం ఆమెకు కష్టమైంది.

"ఇప్పుడు చెప్పండి. ఏ కారణం మీద తీసేశారు?"

"పనికి రానందుకండి. పన్నెండో సెక్షను. మా యజమాని ఇచ్చిన నోటీసులోనే ఉంది."

"ఆ సెక్షను చదవండి."

వకీలు పుస్తకం తెరిచాడు. "'అనుమతి లేక పక్షము రోజులకు మించి పనికి రాని కార్మికుని యజమాని...'" అక్కడ గొంతు కాస్త తగ్గింది. "'...తొలగించవచ్చును.'"

"ఎవరిని?"

వకీలు వేలు ఆ మాట దగ్గరికి వెనక్కి జరిగింది.

"కార్మికుని. కానీ మేడం, ఇక్కడ కార్మికుడంటే పనిచేసేవాళ్లందరూ అని..."

"పన్నెండులో అందరూ అయితే తొమ్మిదిలోనూ అందరే. అప్పుడు ఈవిడ చోటు ఈవిడకి ఉంచాలి."

"అలా కాదు. అసలు చట్టంలో లేకపోయినా తీసేసే హక్కు యజమానికి ఎప్పుడూ..."

"ఇరవయ్యొకటి చదవండి."

ఆయన పేజీ తిప్పాడు. పైకి చదవలేదు. కళ్లతోనే చదివి, వేలు అక్కడే ఉంచి, చాలాసేపు ఆలోచించాడు. ఆయన అందుకోగల పేజీ ఇంకేదైనా ఉంటే ఇప్పుడే అందుకుంటాడు. చివరికి వకీలు పుస్తకం మూసి కూర్చున్నాడు.

"తొలగింపు చెల్లదు," అంది ఆమె. "పనివారిని తొలగించడానికి ఈ చట్టంలో కారణమేదీ లేదు. ఈవిడ తన మిషను దగ్గరే ఉన్నట్టు లెక్క. చెయ్యి బాగయ్యాక వచ్చి పనిచేస్తుంది."

యజమాని గాభరాగా లేచాడు. "మరి ఆ కొత్తమ్మాయిని ఏం చెయ్యను?"

"ఆ అమ్మాయీ పనివారే. ఆమెనీ తియ్యడానికి వీల్లేదు. గోతం కప్పిన మిషను ఒకటి ఉందిగా."

ఇస్త్రీ ఆవిడ గుమాస్తా వైపు వంగింది. "నాకేం అంతుపట్టలేదు బాబూ. గెలిచానా, ఓడానా?"

"గెలిచావమ్మా."

"దేని కింద?"

"పనివారు కింద."

"నేను మొదట్నుంచీ అంటున్నదీ అదేగా, పనిచేస్తానని!" అంది. నవ్వబోయి, ఎడంచేతి కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని అలాగే ఉండిపోయింది.

అందరూ వెళ్లాక ఆమె తీర్పు కింద సంతకం పెట్టడానికి కలం తీసి చాలాసేపు కూర్చుంది. రేపు నెలజీతం వాడెవడికో చెయ్యి కాలుతుంది. వైద్యం పనివారికేగానీ కార్మికుడికి ఎక్కడుందని ఇదే వకీలు లేచి నిలబడతాడు. అప్పుడు ఈ సంతకాన్నే చూపిస్తాడు. సంతకం పెట్టింది. వెంటనే ఇంకో తెల్లకాగితం ముందుకు లాక్కుంది.

*

సాయంత్రం నాన్న పేపరు ముందు పెట్టుకుని ఉన్నాడు. పెన్సిలు చెవిమీదే ఉంది.

"ఆవిడ చోటు?" అన్నాడు తలెత్తకుండా.

"దక్కింది. ఈసారికి."

"ఎలా?"

చెప్పింది. నాన్న కళ్లు ఒక్క క్షణం పాత అలవాటుతో మెరిశాయి. పన్నెండుకీ ఇరవయ్యొకటికీ మధ్య లంకె ఆయనకు చటుక్కున కనపడింది. "బాగా పట్టావు," అన్నాడు.

"అలా పట్టాలంటే ముందు ఒకటి రాయాల్సొచ్చింది నాన్నా. మీరు కార్మికుడన్న మనిషీ, చిన్నాన్న పనివారన్న మనిషీ ఒకరు కాదని నా చేత్తో రాశాను. మీరిద్దరూ ఒక్క మనిషి గురించే రాశారని నాకు తెలిసీ."

నాన్న చెవిమీది పెన్సిలు తీసి పేపరు మీద పెట్టాడు. అది దొర్లి కింద పడింది. తియ్యలేదు.

"రెండు మాటలూ ఒకటి చెయ్యమని పైకి రాస్తున్నాను. ఏ మాట ఉంచమని రాయను?"

కిందపడ్డ పెన్సిలు వైపు చూస్తూ నాన్న అన్నాడు. "ఈ ప్రశ్న నన్ను ఇదివరకే ఒకరు అడిగారు."

ఆమె తనకు తెలుసని చెప్పలేదు. నాన్న లేచి, గుమ్మం దగ్గర చెప్పుల్లో కాళ్లు పెట్టాడు. ఎడమది కుడికి, కుడిది ఎడమకి. మళ్లీ తీసి సరిగ్గా వేసుకున్నాడు.

రెండు వీధులూ ఆయన ముందు, ఆమె వెనక. దారిలో పలకరించినవాళ్లకి తల ఊపడమే గానీ ఎక్కడా ఆగలేదు. చిన్నాన్న అరుగుమీదే ఉన్నాడు. కుర్చీ చివరి వరస అల్లుతున్నాడు. పిన్ని చూసి, నోటిదాకా వచ్చిన మాటను అక్కడే ఆపేసుకుంది.

నాన్న అరుగెక్కలేదు. కిందే నిలబడ్డాడు.

"ఒరే, ఆ రోజు నా బల్ల దగ్గరికొచ్చి అడిగావు చూడు."

"ఏ రోజు?"

"ఏ రోజో నీకు తెలుసు."

చిన్నాన్న పేముబద్దను అదిమిపట్టిన బొటనవేలు తియ్యలేదు. "ఊఁ."

"ఒకటే చేద్దాం." నాన్న గొంతు సవరించుకున్నాడు. "నీ మాటే ఉంచుదాం. అందులో ఆడవాళ్లు కూడా వస్తారు."

చిన్నాన్న వేలు జారింది. బిగించిన పేముబద్ద సర్రున వెనక్కి వదులైపోయింది. ఆయన దానివంక చూడలేదు. అరుగుమీద తన పక్కన ఉన్న పేముముక్కల్ని అరచేత్తో అవతలికి తోసి, ఒక మనిషి కూర్చునేంత చోటు చేశాడు.

"ముట్టింది అన్నయ్యా," అన్నాడు. "రా, కూర్చో."